‘శిక్షకుడు’ అనవచ్చునా? మాల్ మెనింగా గురించి రాస్తుండగా వచ్చిన సందేహం

ప్రశ్న (బ్రిస్బేన్‌లో ఉంటున్న సభ్యుడు)

పెద్దలందరికీ నమస్కారం. ఇక్కడి మా తెలుగువాళ్ల పత్రిక కోసం రగ్బీ లీగ్ ఆటగాడు మాల్ మెనింగా మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘లీగ్’ అనగానే పోటీ పేరనుకునే ప్రమాదం ఉంది కనుక ముందే చెబుతున్నాను, ఇక్కడ అది ఆట పేరే. పని మానుకుని ఆడటానికి వచ్చే కార్మికులకు పోయిన కూలి చెల్లించాలా వద్దా అన్న తగాదాలో 1895లో ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు పాత సంఘం నుంచి విడిపోగా, ఆ చీలిక నుంచి క్రమంగా రూపుదిద్దుకున్న, జట్టుకు పదమూడుగురు ఆడే ఆట ఇది. మన హైదరాబాద్ హీరోస్ 2025లో పాల్గొన్న రగ్బీ ప్రీమియర్ లీగ్ వేరు. అది ఏడుగురి ఆట, రగ్బీ యూనియన్ అనే రెండో శాఖకు చెందినది.

ఇక అసలు సంగతి. ‘1994లో ఆట విరమించిన మెనింగా 1997లో కాన్‌బెరా రైడర్స్ జట్టుకు శిక్షకుడయ్యారు’ అని రాసి, చిత్తుప్రతిని ఊళ్లో ఉన్న మా నాన్నగారికి పంపాను. ఆయన ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసినవారు. ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, “ఇంతకీ ఆయన ఎవర్ని శిక్షించాడురా?” అని. నవ్వుకున్నాం గానీ, ఆ తరువాత ఆ వాక్యం మీదుగా కలం ముందుకు సాగడం లేదు. ‘కోచ్’ అని రాసేస్తే సులువే. అయితే తెలుగు మాట ఉండగా ఆంగ్లపదం ఎందుకని పత్రికలోని మిత్రులు పట్టుబడుతున్నారు. ‘శిక్షకుడు’ తప్పా, ఒప్పా?

మొదటి జవాబు (విశ్రాంత తెలుగు ఉపన్యాసకురాలు)

మీ నాన్నగారి ప్రశ్న హాస్యానికి అడిగినదే అయినా అందులో వ్యాకరణం ఉంది. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. ‘శక్’ అనే ధాతువుకు కోరికను తెలిపే రూపంగా ‘శిక్ష్’ పుట్టిందని భాషాచరిత్రకారులు చెబుతారు. అంటే చేయగలవాడిని కావాలనుకోవడమే శిక్ష. వేదాంగాలలో మొదటిదిగా చెప్పే ఉచ్చారణ శాస్త్రానికి పేరు అదే. హిందీలోనూ బెంగాలీలోనూ ఆ మాటకు చదువు అనే అర్థమే నిలిచింది. తెలుగులో, కన్నడంలో, మలయాళంలో మాత్రం అది దండన వైపు జరిగిపోయింది. అందుకే ‘సర్వ శిక్షా అభియాన్’ బోర్డులు బడిగోడల మీద వెలిసిన రోజుల్లో పిల్లలు అందరికీ శిక్షేనని నవ్వుకున్నారు.

అయితే ఇది మన భాష ఒక్కదానికే వచ్చిన వింత కాదు. ‘శాస్’ అనే ధాతువును చూడండి. శాస్త్రం, శాసనం, శిష్యుడు దాని సంతానమే, ‘తగిన శాస్తి జరిగింది’ అన్నప్పటి శాస్తి కూడా దాని సంతానమే. నేర్పడమూ దండించడమూ ఒకే చేతితో జరిగిన కాలం నాటి ముద్ర అది. ‘శిష్టరక్షణ, దుష్టశిక్షణ’ అనే జంటలో శిష్టుడంటే శాసనానికి లోబడి క్రమం నేర్చినవాడు, శిక్షణ అంటే దండన. అదే శిక్షణను ఈనాడు మనం తర్ఫీదు అనే అర్థంలో వాడుతున్నాం. ‘క్రమశిక్షణ’ మంచి గుణం, ‘క్రమశిక్షణ చర్య’ అంటే ఉద్యోగానికి ముప్పు.

ఇంత కలగాపులగంలోనూ నేటి తెలుగు ఒక కట్టడి చేసుకుంది. దండనకు శిక్ష, దాని క్రియ శిక్షించు. తర్ఫీదుకు శిక్షణ, దాని క్రియ శిక్షణ ఇచ్చు. ‘కుడు’తో ముగిసే కర్తృపదాన్ని మన చెవి తరచు ‘ఇంచు’ క్రియతో జత కడుతుంది. రక్షించేవాడు రక్షకుడు, పాలించేవాడు పాలకుడు, పోషించేవాడు పోషకుడు, బోధించేవాడు బోధకుడు. ఆ వరసలో శిక్షకుడు అనగానే శిక్షించేవాడే ఎదుట నిలుస్తాడు, శిక్షణ ఇచ్చేవాడు వెనకబడతాడు. పుట్టుకను బట్టి మాట తప్పు కాదు. వినికిడిలో ఇబ్బంది ఉంది.

రెండవ జవాబు (నాందేడ్‌లో పెరిగిన సభ్యుడు)

అమ్మా, మీ విశ్లేషణకు మరాఠీ నుంచి ఒక బలం, ఒక అభ్యంతరం. మరాఠీలోనూ శిక్షా అంటే దండనే, శిక్షణ్ అంటే చదువు. అయినా బడిలో పాఠం చెప్పేవారిని శిక్షక్ అనే అంటారు, ఎవరూ నవ్వరు. దండించడానికి వాళ్లు ‘శిక్షా కరణే’ అంటారే తప్ప మన ‘శిక్షించు’ లాంటి ఒంటిపదం వాడరు, కాబట్టి శిక్షక్‌ను అటు లాగే క్రియ లేదు. ఇది మీకు బలం.

అభ్యంతరం ఏమిటంటే, తెలుగులోనూ యోగా శిక్షకుడు, వ్యాయామ శిక్షకురాలు, నృత్య శిక్షకులు అని పత్రికల్లో రోజూ చదువుతూనే ఉన్నాం కదా. అక్కడ ఎవరికీ దండన గుర్తుకు రాదు. ముందున్న విద్య పేరు అర్థానికి కాపలా కాస్తుంది. ‘రగ్బీ శిక్షకుడు’ అంటే సరిపోదా?

మొదటి జవాబు రాసినవారే

సరిపోతుంది, ముందు విద్య పేరు ఉన్నంతవరకు. కానీ జట్టు పేరు వచ్చిందంటే కథ అడ్డం తిరుగుతుంది. ‘క్వీన్స్‌లాండ్ శిక్షకుడు’ అని రాసి చూడండి.

మూడవ జవాబు (పెర్త్‌లో స్థిరపడిన సభ్యురాలు)

ఆ వాక్యం చదివి గట్టిగా నవ్వాను, ఎందుకంటే మెనింగా శిక్షించింది న్యూ సౌత్ వేల్స్‌ను. 2003 నుంచి 2005 దాకా వరుసగా మూడేళ్లు ఓడిన క్వీన్స్‌లాండ్, 2006లో ఆయన చేతికి రాగానే, ఆస్ట్రేలియాలోని ఈ రెండు రాష్ట్రాల జట్లు ఏటా తలపడే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్‌ను ఎనిమిదేళ్లు ఏకధాటిగా గెలిచింది. 2014లో ఒక్కసారి తప్పింది, 2015లో మళ్లీ గెలిచింది. పదేళ్లలో తొమ్మిది. న్యూ సౌత్ వేల్స్ అభిమానుల దృష్టిలో ఆయన అచ్చతెలుగు అర్థంలోనే శిక్షకుడు.

ఇంకొక సంగతి. మెనింగా యువకుడిగా క్వీన్స్‌లాండ్ పోలీసు శాఖలో పనిచేశారు. పోలీసు అకాడమీలో ఆయనకు ఆట నేర్పినవారు, తరువాత తానే మహా కోచ్‌గా పేరుపొందిన వేన్ బెన్నెట్. మన పాత తెలుగులో పోలీసు ‘రక్షకభటుడు’ కదా! కాబట్టి మీ వ్యాసంలో రక్షకభటుడు కాస్తా శిక్షకుడు అవుతాడన్నమాట.

హాస్యం పక్కన పెడితే, నా అసలు సందేహం మాట మీద కన్నా పని మీద. కాన్‌బెరాలో 1997 నుంచి 2001 వరకు ఆయన చేసినది క్లబ్బు పని. ఏడాది పొడవునా అవే ముఖాలు, రోజూ సాధన, కుర్రవాళ్లకు బంతి పట్టడం దగ్గర నుంచి దిద్దడం. దాన్ని శిక్షణ అనవచ్చు. ఆ ఐదేళ్లలో టైటిల్ ఒక్కటీ రాలేదు. అదే క్లబ్బుకు ఆటగాడిగా, టిమ్ షీన్స్ కోచ్‌గా ఉండగా, మెనింగా 1989, 1990, 1994లలో మూడు టైటిళ్లు సాధించిపెట్టారు. అందులో మొదటిది, 1987–88లో ఒకే చెయ్యి నాలుగుసార్లు విరిగిన తరువాత తిరిగి వచ్చి నాయకుడిగా గెలిచినది. ఫైనల్ అదనపు సమయం దాకా వెళ్లి 19–14తో ముగిసింది.

రాష్ట్ర జట్టు సంగతి పూర్తిగా వేరు. ఆరిజిన్‌లో ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బుకు ఆడుతున్నా, మొదట ఆట మొదలుపెట్టిన రాష్ట్రం పక్షాన దిగుతాడు. ఏడాదికి మూడే మ్యాచ్‌లు. వచ్చేవాళ్లందరూ అప్పటికే పండిపోయిన ఆటగాళ్లు, ఉండేది కొద్ది రోజులు. వాళ్లకు కొత్తగా ఏ విద్యా నేర్పే వ్యవధి ఉండదు. ఎవరిని ఎంచుకోవాలి, ఎవరి పక్కన ఎవరిని నిలపాలి, వారాంతం వరకు ఒకరినొకరు కుమ్ముకున్నవాళ్లను ఒకే చొక్కా కింద ఎలా కలపాలి, ఇదే పని. 2016 నుంచి 2024 వరకు ఆస్ట్రేలియా జట్టుకు చేసినదీ అదే. ఆ పనిలోనే రెండు ప్రపంచ కప్పులు వచ్చాయి, 2017లో ఇంగ్లండ్ మీద 6–0, 2022లో సమోవా మీద 30–10. ఇప్పుడు మా పెర్త్ బేర్స్‌కు తొలి కోచ్‌గా మళ్లీ క్లబ్బు పనికి వచ్చారు. ఆ జట్టు 2027లో ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే ఇక్కడి అగ్రశ్రేణి రగ్బీ లీగ్ క్లబ్బుల పోటీలో, అడుగు పెట్టాలి. ఈ రెండు పనులకూ ఆంగ్లంలో ఒకటే మాట. తెలుగులో కూడా ఒక్కటే ఉండాలా?

నాల్గవ జవాబు

‘వస్తాదు’ను ఎవరూ తలచుకోలేదేమి? ఉస్తాద్ నుంచి వచ్చినా ఎప్పుడో తెలుగైపోయిన మాట. గరిడీలో సాము చేసి గెలిచినవాడూ వస్తాదే, పిల్లకాయలకు సాము నేర్పేవాడూ వస్తాదే. ఆడినవాడే నేర్పేవాడైన మెనింగాకు ఇంతకన్నా ఇమిడే మాట దొరకదు. కాకపోతే ఇప్పుడు ‘పెద్ద వస్తాదువి వచ్చావు’ అని వెటకారానికే మిగిలింది. మరొక మాట, ‘కోచ్’ను పరాయిదని తోసెయ్యవద్దు. హంగరీలో కోచ్ అనే ఊరివాళ్లు చేసిన బండి పేరు అది. బండి ఎక్కించి పరీక్ష దాటించే గురువుకు ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు వేళాకోళంగా పెట్టిన పేరు, అక్కడి నుంచి మైదానానికి వచ్చింది. రైలు కోచ్‌లు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, క్రికెట్ కోచ్ అన్నీ మన పల్లెల్లో కూడా తెలిసినవే.

మొదటి జవాబు రాసినవారే

వస్తాదు నాకూ ఇష్టమే, కానీ వెటకారం పట్టిన మాటను గౌరవానికి తిప్పడం ఒక్క వ్యాసంతో అయ్యే పని కాదు. పెర్త్ సోదరి చెప్పిన పని తేడా వింటుంటే నాకు మన క్రియాపదమే గుర్తుకు వస్తున్నది. సంస్కృతపు నామవాచకం కోసం వెతుకులాట మానేసి, తెలుగు ప్రేరణార్థకాన్ని పిలవండి. ఆడు, ఆడించు. క్రికెట్ చూస్తూ ‘రేపటి మ్యాచ్‌లో ఫలానా బౌలర్‌ను ఆడించాలి’ అని మనవాళ్లు అనుకోవడం వినే ఉంటారు. ఎంపిక చేసి బరిలోకి దింపడం ఆ మాటలోనే ఉంది. ‘ఆడించినట్టల్లా ఆడటం’ అన్నప్పుడు దానికి తోలుబొమ్మ వాసన వస్తుంది, నిజమే. అయితే ముందు ‘ఆడిన’ అనే మాట ఉంటే ఆ వాసన పోతుంది. తానూ ఆడినవాడు బొమ్మలాటగాడు కాలేడు. పదవి పేరు చెప్పవలసిన చోట కోచ్ అని రాయండి, క్లబ్బులో చేసిన పనికి ‘శిక్షణ ఇచ్చారు’ అనండి, రాష్ట్రానికీ దేశానికీ చేసిన పనికి ‘ఆడించారు’ అనండి.

ప్రశ్న వేసిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. పత్రికలోని మిత్రులు ‘కోచ్’కు కొంచెం మూతి ముడిచారు గానీ ఒప్పుకున్నారు. మార్చిన భాగం ఇది, తప్పులుంటే దిద్దండి:

‘తొలి ఆరిజిన్ మ్యాచ్ 1980 జూలై 8న బ్రిస్బేన్‌లోని లాంగ్ పార్క్‌లో జరిగింది. ఆ రోజు మెనింగాకు ఇరవై ఏళ్లు నిండాయి. ఏడు సార్లు గోలుకు తన్ని ఏడూ సాధించారు. క్వీన్స్‌లాండ్ 20–10తో గెలిచింది. 1994 వరకు ఆరిజిన్‌లో 32 మ్యాచ్‌లు ఆడిన ఆయన, కాన్‌బెరాలో ఐదేళ్లు శిక్షణ ఇచ్చాక, 2006లో కోచ్‌గా తిరిగి వచ్చి ఆ జట్టునే పదేళ్లు ఆడించారు. చివరిసారి ఆడించినది 2015లో, అదే మైదానంలో, 52–6తో గెలిచిన మ్యాచ్. ఆ రోజు కూడా జూలై 8.’

నాన్నగారికి మళ్లీ పంపాను. ఈసారి ఆయన అడిగిన ప్రశ్న, గోలుకు తన్నడం అంటే ఏమిటని.