అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది: ఇంటి వైఫై కెమెరాను మళ్లీ బతికించవచ్చా?

ప్రశ్న: తెనాలివాసి

తెనాలి దగ్గర పల్లెలో ఉంటున్న మా అమ్మానాన్నల ఇంట్లో రెండేళ్ల కిందట మూడు వైఫై కెమెరాలు పెట్టించాను. వీధి గుమ్మం మీద ఒకటి, వరండాలో ఒకటి, పెరట్లో ఒకటి. మూడూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, మూడింటికీ మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉంది. నేను హైదరాబాద్‌లో ఉంటూ యాప్‌లో చూసుకుంటూ ఉంటాను. పోయిన శనివారం మధ్యాహ్నం కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము) వచ్చిందని యాప్ చూపించగా, ఇక్కడి నుంచే అప్‌డేట్ నొక్కాను. ఆ తర్వాత మూడు కెమెరాలూ మూడు రకాలుగా ప్రవర్తిస్తున్నాయి.

వీధి గుమ్మం కెమెరాలో అప్‌డేట్ ఎనభై శాతం దాకా వచ్చాక ఈదురుగాలికి ఊళ్లో కరెంటు పోయింది. పది నిమిషాల్లో తిరిగి వచ్చింది కానీ, అప్పటి నుంచి కెమెరా ఎర్ర దీపం వెలిగించుకుని అలాగే ఉండిపోయింది. మామూలుగా ఆన్ అయినప్పుడు వినిపించే శబ్దం లేదు, యాప్‌లో ఆఫ్‌లైన్ అని ఉంది. వరండా కెమెరాలో అప్‌డేట్ పూర్తయింది, పగలు ఏ ఇబ్బందీ లేదు, రాత్రి మాత్రం అరగంటకోసారి దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోంది. పెరటి కెమెరా సంగతి ఇంకా విచిత్రం. అది కొన్ని నెలలుగా నాకు ఇక్కడి నుంచి కనిపించడమే లేదు, అయితే నాన్నగారు ఇంట్లో ఉండి తన ఫోనులో చూస్తే చక్కగా కనిపిస్తుంది. ఆయన ఫోను నుంచి అప్‌డేట్ నొక్కిస్తే ప్రతిసారీ డౌన్‌లోడ్ విఫలమైందనే సమాధానమే వస్తోంది. చిత్రం మీద తేదీ 1970 జనవరి అని పడుతోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే వారంటీ అయిపోయింది కాబట్టి కొత్తవి కొనుక్కోమన్నారు. మొదటి కెమెరాను పారేయవలసిందేనా, లేక ఇంట్లోనే చేసుకోగల మార్గం ఏదైనా ఉందా?

జవాబు: పాతకాపు

ముందుగా రీసెట్ బటన్‌ను పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని చూడండి. మా ఇంట్లో కెమెరా ఇలాగే మొరాయించినప్పుడు రీసెట్ చేయగానే మళ్లీ పని చేసింది. మూడింటికీ ఒకేసారి రీసెట్ చేసి, యాప్‌లో కొత్తగా చేర్చుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

జవాబు: సోల్డరింగ్‌బాబు

పాతకాపు గారు చెప్పినది సెట్టింగులు చెడిపోయినప్పుడు పనికివచ్చే ఉపాయమే కానీ, ఇక్కడ వర్తించదు. రీసెట్ బటన్ నొక్కితే వైఫై పేరు, పాస్‌వర్డ్ వంటివి దాచుకున్న భాగం మాత్రమే చెరిగిపోతుంది. అసలు ఫర్మ్‌వేరే సగం రాసి ఆగిపోయినప్పుడు, ఆ బటన్ నొక్కారని గమనించవలసిన ప్రోగ్రామే లోపల నడవడం లేదు. మిగిలిన రెండింటికీ రీసెట్ చేయవద్దు, ముఖ్యంగా పెరటి కెమెరాకు. లోపం ఎక్కడుందో చెప్పే ఆధారాలన్నీ దాని సెట్టింగుల్లోనే ఉన్నాయని అనుమానం.

మొదటి కెమెరా విషయం కొంచెం వివరంగా రాస్తాను. ఇటువంటి చవక కెమెరాల లోపల 8 లేదా 16 మెగాబైట్ల ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. అందులో మొట్టమొదట, కరెంటు రాగానే మిగతావాటిని లేపే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము, దాని తర్వాత లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ముఖ్య భాగం), ఆపైన కెమెరా నడిచే మిగతా సరంజామా ఉంటాయి. ఖరీదైన పరికరాలలో ఫర్మ్‌వేర్‌కు రెండు గదులు కేటాయిస్తారు. కొత్తది ఖాళీ గదిలో పూర్తిగా రాసి, సరిచూసుకున్న తర్వాతే అందులోకి మారతారు కనుక, మధ్యలో కరెంటు పోయినా పాత గది భద్రంగా ఉంటుంది. చవక కెమెరాల్లో చిప్ చిన్నది, రెండు గదులకు చోటు చాలదు. అందుకని పాతదాన్ని చెరిపి దాని మీదనే కొత్తది రాస్తారు. మీకు కరెంటు సరిగ్గా ఆ సమయంలో పోయిందన్నమాట. అయితే మామూలు అప్‌డేట్లు చాలావరకు బూట్‌లోడర్ జోలికి పోవు. ఎర్ర దీపం వెలుగుతోంది కాబట్టి కనీసం విద్యుత్తు బోర్డు దాకా అందుతోంది. బూట్‌లోడర్ మిగిలి ఉంటే కెమెరా బతుకుతుంది.

అందుకు మార్గం మెమరీ కార్డు. చాలా కంపెనీల బూట్‌లోడర్లు, ఒక బటన్ నొక్కి ఉంచి కరెంటు ఇస్తే, కార్డులో ఫలానా పేరుతో ఫైలు ఉందేమో వెతుకుతాయి. ఉంటే దాన్ని చిప్‌లోకి ఎక్కిస్తాయి. ఉదాహరణకు వైజ్ కంపెనీ రెండో తరం కెమెరాలో ఆ ఫైలు పేరు 'డెమో డాట్ బిన్' అని ఖచ్చితంగా ఉండాలి, మూడో తరానికి పేరు వేరు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కెమెరా ఉలకదు పలకదు. మీ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీలో ఈ పద్ధతి, ఫైలు ఉన్నాయేమో చూడండి. ఫైలు దింపుకునే ముందు కెమెరా అడుగున అంటించిన చీటీ మీది హార్డ్‌వేర్ వెర్షన్ చూసుకోవడం తప్పనిసరి. ఒకే మోడల్ పేరుతో లోపలి చిప్‌లు, సెన్సర్లు మార్చి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. వేరే వెర్షన్ ఫైలు ఎక్కించారంటే ఇప్పుడున్న ఆశ కూడా పోతుంది.

కార్డు 32 జీబీ లేదా అంతకన్నా చిన్నది తీసుకుని, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. 64 జీబీ, అంతకు మించిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, బూట్‌లోడర్లకు అది చదవడం చాలావరకు రాదు. ఫైలును ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా కార్డు పైవరసలోనే పెట్టాలి. కార్డు పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇచ్చాక, దీపం రంగు మారగానే బటన్ వదిలేసి ఐదారు నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. ఏమీ జరగడం లేదనిపించి ప్లగ్ పీకేసి చేజేతులా పాడు చేసుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇదీ పని చేయకపోతే, మిగిలేది కెమెరా విప్పి చిప్‌కు క్లిప్ తగిలించి, ప్రోగ్రామర్ అనే పరికరంతో ఫర్మ్‌వేర్‌ను నేరుగా రాయడమే. అది నేనైతే సరదాకు చేస్తాను గాని, రెండు వేల రూపాయల కెమెరా కోసం మిమ్మల్ని చేయమని చెప్పలేను.

వరండా కెమెరా గురించి ఒక్క ప్రశ్న: దాని అడాప్టర్ తీగ ఎంత పొడవుంది?

జవాబు: నెట్‌వర్క్‌మేస్త్రి

పెరటి కెమెరాకు వచ్చిన ఇబ్బంది ఫర్మ్‌వేర్‌ది కాదని నా నమ్మకం. ఈ కెమెరాలలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. అందుకే కరెంటు వచ్చిన ప్రతిసారీ వాటి తేదీ 1970 జనవరి 1 నుంచి మొదలై, ఇంటర్నెట్‌లోని సమయ సర్వర్‌ను అడిగి సరిచేసుకుంటుంది. మీ కెమెరా తేదీ అక్కడే ఉండిపోయిందంటే అది బయటి సర్వర్లను చేరలేకపోతోందని అర్థం. నాన్నగారి ఫోనూ కెమెరా ఒకే రౌటర్ మీద ఉన్నాయి కాబట్టి ఆయనకు కనిపిస్తోంది, మీకు కనిపించడం లేదు. యాప్ కొత్త వెర్షన్ ఉందని తాను తెలుసుకుని కెమెరాకు దింపుకోమని చెబుతుంది, కెమెరా బయటకు వెళ్లలేక విఫలమైందంటుంది. ఒకవేళ సర్వర్‌ను చేరినా 1970 తేదీతో చూస్తే దాని భద్రతా సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రానట్టు కనిపిస్తుంది కనుక, డౌన్‌లోడ్ అప్పుడూ జరగదు.

రెండు విషయాలు చెప్పండి. ఈ మధ్య ఇంట్లో ఇంటర్నెట్ కంపెనీ మారిందా? ఆ కెమెరాకు ఎవరైనా ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే అంకెల చిరునామాను) రౌటర్‌కు వదిలేయకుండా చేత్తో పెట్టారా?

తెనాలివాసి

మేస్త్రి గారూ, రెండింటికీ సమాధానం అవుననే. ఏడెనిమిది నెలల కిందట పాత కనెక్షన్ తీసేసి ఫైబర్ వేయించాం. రౌటర్ మారినా అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టించడం వల్ల కెమెరాలు వాటంతట అవే కలిశాయి. పెరటి కెమెరాను టీవీలో చూసుకోవడానికి, అమర్చిన అబ్బాయి దానికి మాత్రం స్థిరమైన ఐపీ పెట్టినట్టు గుర్తు. బాబు గారూ, వరండా కెమెరాకు ప్లగ్ దూరమని ఐదు మీటర్ల యూఎస్‌బీ తీగ ఆ అబ్బాయే విడిగా కొని వేశాడు.

జవాబు: నెట్‌వర్క్‌మేస్త్రి

అయితే దొంగ దొరికినట్టే. ఐపీ పెట్టినప్పుడు దానితోపాటు డీఎన్‌ఎస్ అడ్రస్ కూడా రాయాలి. డీఎన్‌ఎస్ అంటే సైట్ల, సర్వర్ల పేరు అడిగితే వాటి ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్. ఆ అబ్బాయి అప్పటి కంపెనీ డీఎన్‌ఎస్ రాసి ఉంటాడు. ఇంటర్నెట్ కంపెనీల డీఎన్‌ఎస్‌లు సాధారణంగా తమ చందాదారులకే జవాబిస్తాయి. కెమెరా ఇన్ని నెలలుగా జవాబు రాని తలుపు కొడుతోంది. నాన్నగారి ఫోనులో ఆ కెమెరా నెట్‌వర్క్ సెట్టింగులకు వెళ్లి డీఎన్‌ఎస్ చోట 8.8.8.8 అని (ఎవరు అడిగినా జవాబిచ్చే గూగుల్ డీఎన్‌ఎస్ అది) మార్చించండి. ఇంకా మేలైనది, కెమెరాను ఆటోమేటిక్‌కు మార్చి, స్థిరమైన అడ్రస్ కావాలంటే దాన్ని రౌటర్‌లోనే కేటాయించడం.

జవాబు: సోల్డరింగ్‌బాబు

ఐదు మీటర్ల తీగ అనగానే అనుమానం తీరింది. చవక యూఎస్‌బీ తీగల్లో కరెంటు మోసేది తరచుగా 28 గేజ్ రాగి, మీటరుకు దాదాపు 0.21 ఓమ్‌లు. పోనూ రానూ పది మీటర్లకు 2.1 ఓమ్‌లు. కెమెరా అర ఆంపియర్ లాగితే తీగలోనే ఒక వోల్ట్ పైగా పోయి, 5 వోల్టులు బయలుదేరినచోట 4 వోల్టులు కూడా చేరవు. పగలు ఎలాగో లాక్కొస్తుంది, రాత్రి చీకట్లో చూడటానికి కెమెరాలోని పరారుణ దీపాలు వెలగగానే వాడకం పెరిగి కుప్పకూలుతుంది. అప్‌డేట్ తర్వాతే మొదలైందంటే కొత్త ఫర్మ్‌వేర్ ఆ దీపాలను ఇంకొంచెం ప్రకాశవంతం చేసి ఉండవచ్చు, లేదా అడాప్టర్ అప్పటికే అరిగిపోయి ఉండవచ్చు. ఆ తీగ తీసేసి, స్విచ్‌బోర్డునే కెమెరా దగ్గరకు పొడిగించండి.

జవాబు: పాతకాపు

రీసెట్ విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నాకొక సందేహం. బాగా పని చేస్తున్న కెమెరాకు అసలు అప్‌డేట్ ఎందుకు చేయాలి? చేయకపోతే ఈ గొడవంతా ఉండేది కాదు కదా.

జవాబు: నెట్‌వర్క్‌మేస్త్రి

పాతకాపు గారూ, మీ విసుగు న్యాయమైనదే కానీ, కెమెరా అంటే నిత్యం ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్న చిన్న కంప్యూటర్. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో ఆక్రమించింది. అదే ఏడాది అక్టోబరు 21న వాటి చేత అమెరికాలోని డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ మీద దాడి చేయించడంతో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి అందలేదు. 2021 సెప్టెంబరులో హిక్‌విజన్ కెమెరాలలో బయటపడిన లోపానికైతే పాస్‌వర్డ్ మార్చుకోవడం కూడా అడ్డు కాదు. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్లు లోపల ఆదేశాలు నడపగలిగేవారు. దానికి మందు కొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలు అమ్మాలంటే భద్రతా పరీక్షలు నెగ్గాలనే నిబంధన వచ్చింది గాని, అంతకు ముందు కొని గోడకు బిగించినవాటిని ఎవరూ వచ్చి పరీక్షించరు. కాబట్టి అప్‌డేట్ మానకండి. వచ్చిన రోజే నొక్కకుండా ఒకటి రెండు వారాలు ఆగి, ఇతరులకు ఏమయిందో చూసి, ఇంట్లో మనిషి ఉన్నప్పుడు ఒక్క కెమెరాకు మాత్రం చేసి చూడండి.

తెనాలివాసి

అందరికీ ధన్యవాదాలు. డీఎన్‌ఎస్ మార్చిన నిమిషంలోనే పెరటి కెమెరాకు సరైన తేదీ వచ్చింది, హైదరాబాద్‌లో నాకు మా బర్రె కనిపించింది. వరండా కెమెరాకు తీగ మార్పించాను. రెండు రాత్రులు ఆగకుండా నడిచింది, ఇంకా నాలుగు రోజులు చూడాలి.

వీధి గుమ్మం కెమెరాను పక్కింటి అబ్బాయి చేత దింపించి, ఫోనులో నేను చెబుతూ ఉంటే అతను చేశాడు. మొదటిసారి 64 జీబీ కార్డు పెట్టడంతో కదలిక లేదు. అతని పాత ఫోనులోని 8 జీబీ కార్డు ఫార్మాట్ చేసి పెడితే దీపం రంగు మారింది. ఐదు నిమిషాలు ముట్టుకోవద్దన్నారని చెబితే, నాన్నగారు కుర్చీ వేసుకుని స్విచ్ పక్కనే కూర్చుని ఎవరినీ దగ్గరకు రానివ్వలేదట. కెమెరా పాత వెర్షన్‌తో లేచింది. యాప్ మళ్లీ అదే అప్‌డేట్ చేసుకోమని అడుగుతోంది. దసరాకు ఊరు వెళ్తాను కదా, అప్పుడు దాని ప్లగ్‌ను, రౌటర్‌ను ఇన్వర్టర్ మీదకు మార్చి చేస్తాను.