తక్కువ ధర కారు టైర్లు కొనొచ్చా?

ప్రశ్న: మాది డిజైర్, సైజు 165/80 ఆర్14. టైర్లు అరిగిపోయాయి. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు హైవే మీద తరచూ వెళ్తాం, వెనక సీట్లో పిల్లలు ఉంటారు. షాపులో పేరు వినని కంపెనీ టైర్లు బాగా తక్కువకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు 1: ఊళ్లో తిరగడానికైతే పర్లేదు అన్నా. హైవేకి మాత్రం వద్దు.

జవాబు 2: నేను ట్యాక్సీ నడుపుతాను, టైర్లే నా బతుకు. తక్కువ ధరవన్నీ చెడ్డవని అనను. ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే లాంటి కంపెనీల్లోనే మామూలు రకాలు చౌకగా దొరుకుతాయి, ముందు అవి అడగండి. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3523 అంటే 2023లో 35వ వారం తయారైందని. షాపులో ఏళ్ల తరబడి పడున్న సరుకునే డిస్కౌంట్ అని అంటగడతారు, అది చూడకుండా డబ్బులివ్వకండి. తేడా తెలిసేది తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడే. చౌక రబ్బరుతో బండి జారుతూ ముందుకెళ్తుంటే ప్రాణం గొంతులోకొస్తుంది. పిల్లలున్నారంటున్నారు కదా, అక్కడ కక్కుర్తి వద్దండీ.

ప్రశ్న వేసినవారు: నాలుగూ ఒకేసారంటే బరువే. రెండే మారిస్తే?

జవాబు 2: మార్చండి, కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలకు వచ్చే పాత టైర్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దగ్గర పడితే మాత్రం అవీ తీసేయాల్సిందే. అలైన్‌మెంట్, అంటే చక్రాలు వంకర లేకుండా సరిచేయించడం, మర్చిపోకండి.