స్ట్ర్‌చార్‌తో "కడప"లో అక్షరం వెతికితే 2, 5, 8 అంటోంది, ఎందుకు?

కడప కుర్రోడు:
అన్నలూ, సీ లాంగ్వేజ్‌లో ఒక డౌట్. స్ట్రింగ్‌లో అక్షరం ఎక్కడుందో వెతికే ప్రోగ్రాం ల్యాబ్‌లో ఇచ్చారు. స్ట్ర్‌చార్ అనే ఫంక్షన్ ఇచ్చిన, అక్షరం దొరికిన చోటు చూపే పాయింటర్‌లోంచి స్ట్రింగ్ మొదలు తీసేస్తే స్థానం వస్తుంది కదా, అలాగే రాశా, ఇంగ్లీషు పేర్లకు బాగానే నడిచింది. ఊరికే ఉండలేక మా ఊరి పేరు తెలుగులో పెట్టి చూశా. లెక్క 0 నుంచి కదా, క వెతికితే 0 రావాల, 2 వచ్చింది. డ అంటే 5, ప అంటే 8. దొరకలేదంటే సరేలే అనుకునేవాణ్ణి, దొరుకుతోంది కానీ తప్పు చోట! కంపైలర్ జీసీసీ మల్టీ క్యారెక్టర్ అని ఏదో వార్నింగ్ ఇచ్చింది, పట్టించుకోలేదు. రేపు వైవా, టెన్షన్‌గా ఉంది.

బురుజు పక్కోడు, కర్నూలు:
జవాబు ఆ వార్నింగ్‌లోనే ఉంది సామీ. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో క అంటే 3 బైట్లు, సీలో క్యార్ అంటే ఒక్క బైటు. సింగిల్ కోట్స్‌లో క పెడితే జీసీసీ మూడింటినీ కలిపి ఒక ఇంట్ (పూర్ణ సంఖ్య) చేస్తుంది, స్ట్ర్‌చార్ దాన్ని మళ్ళీ క్యార్‌లోకి కుక్కేసరికి చివరి బైటు ఒక్కటే మిగులుతుంది. క చివరి బైటు హెక్సాలో 95, అది నీ స్ట్రింగ్‌లో 2వ చోట ఉంది. పాపం స్ట్ర్‌చార్ నువ్వడిగిందే వెతికింది.

పెన్నా గట్టు, అనంతపురం:
ఇంకో వింత చూడు. "పెన్నా"లో 'ఆ' అనే అక్షరం వెతుకు. ఆ పేరులో ఆ అక్షరమే లేదు, అయినా 5 అంటుంది, ఎందుకంటే 'ఆ' అక్షరం చివరి బైటూ 86, ఎత్వం చివరి బైటూ 86! దీంతో నేనొక రాత్రంతా జుట్టు పీక్కున్నా. స్ట్ర్‌స్ట్ర్ వాడు, అది ఒక్క బైటు కాకుండా స్ట్రింగ్ మొత్తాన్ని వెతుకుతుంది; అక్షరాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టు. నల్ (దొరకలేదని అర్థం) వచ్చిందేమో చూసుకోకుండా తీసివేత మాత్రం చెయ్యొద్దు.

కడప కుర్రోడు:
మార్చా అన్నా, 0, 3, 6 వస్తున్నాయి. 3తో భాగిస్తే సరిపోతోంది. కానీ "కర్నూలు"లో న వెతికితే 9, భాగిస్తే 3. కంటికి క పక్కనే ర్నూ ఉంది కదా, 1 రావాలి కదా?

బురుజు పక్కోడు, కర్నూలు:
మా ఊరి మీదే పడ్డావా! పొల్లు కూడా ఒక క్యారెక్టరే. క, ర, పొల్లు, న, ఊత్వం, ల, కొమ్ము, మొత్తం 7, స్ట్ర్‌లెన్ అడిగితే 21 బైట్లు. ఆ భాగహారాన్ని కూడా నమ్మొద్దు, మధ్యలో ఒక స్పేస్ వచ్చిందంటే అది ఒక్క బైటే, లెక్క చెడుతుంది. దొరికిన చోటు దాకా వెళ్తూ, మొదటి రెండు బిట్లు 10 అయిన బైట్లు వదిలేసి మిగతావి లెక్కపెట్టు. ర్నూని ఒకే అక్షరంగా లెక్కపెట్టాలంటే ఐసీయూ లాంటి యూనికోడ్ లైబ్రరీ కావాలి, రేపటికి దాని జోలికి పోవద్దు.

కడప కుర్రోడు:
పోను అన్నా. వైవాకి ఇంగ్లీషు పేరే పెడతా.