సమస్య: "చంపినంత పనికి జవము వచ్చె"

నిర్వాహకుడు (కర్నూలు):
ఈసారి సమస్యాపూరణకు ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలు మీరు పూరించండి. నేపథ్యం యూనిక్స్ కంప్యూటర్లలో ప్రింటుకు పంపిన ఫైళ్లు (జాబులు) వరసలో వేచి ఉండే ప్రింటర్ క్యూ. శుక్రవారం ఆఫీసులో రెండు పేజీల ఉత్తరం ప్రింటుకు పంపి అరగంట కూర్చున్నా, కాగితం రాలేదు. క్యూను చూపే ఎల్‌పీక్యూ ఆదేశం కొట్టి చూస్తే 'యాక్టివ్' అని ఎవరిదో పెద్ద ఫైలు, దాని కింద 'ఫస్ట్' అని నాది. ఫస్ట్ అంటే రెండోవాడని అప్పుడు తెలిసింది! ఆ కోపంలో పుట్టిన పాదమిది. 'పని' అంటే జాబ్ అనుకోండి, ఇంకేమైనా అనుకోండి.

తుంగభద్ర:
నూరుపుటల ఫైలు నోరు తెరచి నిల్చె
వెనక చిన్న జాబు వేచియుండె
ఎల్పియారెమనుచు నెంచి ముందరిదాని
చంపినంత పనికి జవము వచ్చె

నిర్వాహకుడు:
ధార బాగుంది. 'ఉండె' తర్వాత అచ్చుతో పాదం ఎత్తుకున్నారు, చెవికి గుచ్చుకుంటోంది. 'వేచియుండ / నెల్పియారెమనుచు' అంటే సంధీ కుదురుతుంది, యతీ చెడదు. ఇంకో మాట. ముందరిది వేరేవాళ్ల ఫైలైతే మామూలు యూజరు ఎల్‌పీఆర్‌ఎమ్ (జాబును రద్దు చేసే ఆదేశం) కొట్టినా అది చావదు. సొంతదారుడో అడ్మినో చంపాలి. నా ఉత్తరం అరగంట ఆగింది అందుకే మరి.

గండికోట (కడప జిల్లా):
కాగితమ్ము చిక్కి కదలక క్యూ నిల్చె
లాగివేయ లేదు లాభ మింత
కప్సెనేబులనుచు గదిపి దాని నిదుర
చంపినంత పనికి జవము వచ్చె

నిర్వాహకుడు:
శభాష్! జాబును కాకుండా, ఆగిన క్యూను మళ్లీ నడిపించే కప్స్‌ఎనేబుల్ ఆదేశంతో క్యూ నిద్రను చంపారు. 'కదలక క్యూ' దగ్గర 'క' లఘువా గురువా అని తగువు వద్దు, నలమైనా నగమైనా ఇంద్రగణమే.

పెన్నేరు (అనంతపురం):
పద్యం సరే, విషయంలో చిన్న మెలిక. కాగితం చిక్కిన ప్రతిసారీ క్యూ ఆగిపోదు. ప్రింటర్‌కు డేటా పంపే బ్యాకెండ్ ప్రోగ్రాం విఫలమై, అలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే ఎర్రర్ పాలసీ 'స్టాప్ ప్రింటర్' అని ఉంటే ఆగుతుంది. అప్పుడు కాగితం లాగేసినా, ఉన్న జాబులన్నీ చంపినా కదలదు, కప్స్‌ఎనేబుల్ కొట్టాల్సిందే. కొత్తవాళ్లు కప్స్‌డిజేబుల్, కప్స్‌రిజెక్ట్ అనే రెండు ఆదేశాలనూ కలిపేస్తారు. మొదటిది ప్రింటింగును మాత్రమే ఆపుతుంది: హోటల్లో పెనం కింద మంట ఆర్పేసి టోకెన్లు ఇస్తూనే ఉండడం. రెండోది కొత్త జాబులను మాత్రమే ఆపుతుంది: టోకెన్లు ఆపేసి, ఇచ్చినవాటికి దోసెలు వేసి పంపడం. ప్రింటర్ రిపేరుకు పోయేటప్పుడు మొదటిదొక్కటే కొడితే సాయంత్రానికి టోకెన్లు గుట్ట.

ఉగ్గానిబజ్జి (కర్నూలు):
హోటల్ మాట ఎత్తారు కాబట్టి, మన మరమరాల టిఫిన్ ఉగ్గాని మీద...
ప్రింటు పోకముందె పెరిగె నాకాకలి
బురుజు కాడ బండి పొగలు గక్కె
ఊది యూది తినుచు నుగ్గాని, దానిని
చంపినంత పనికి జవము వచ్చె

నిర్వాహకుడు:
మన కర్నూలు కొండారెడ్డి బురుజు పద్యంలోకి దిగింది, సంతోషం. 'బురుజు - పొగలు' యతి చక్కగా పడింది. ప్రింటర్ మాత్రం మొదటి పాదంలోనే జారుకుంది. 'దానిని' అంటే ఆకలినా, ఉగ్గానినా? 'నుగ్గాని నాకలి' అని మార్చండి, గణాలు చెడవు, అనుమానం తీరుతుంది.

ఉగ్గానిబజ్జి:
మార్చేశా స్వామీ. అయినా రెండు ప్లేట్లు లాగించా, ఉగ్గానిని చంపానన్నా అబద్ధం కాదు.