కారు లోపంతో వస్తే ఈఎంఐ ఆపొచ్చా? బ్యాంకును కేసులోకి లాగాలా?

నిర్వాహకుడు
ఈ వారం ప్రశ్న ఇది. లోన్ మీద కొన్న కొత్త డీజిల్ కారు. ఆరు నెలల్లో ఒకే లోపంతో నాలుగుసార్లు షెడ్డుకెళ్లింది. షోరూం వాళ్లు కంపెనీ మీదికి, కంపెనీ వాళ్లు నడిపేవాడి మీదికి నెట్టేస్తున్నారు. బ్యాంకు మాత్రం 5వ తారీఖు రాగానే కిస్తీ లాగేసుకుంటోంది. బండి నడవనప్పుడు కిస్తీ ఎందుకు కట్టాలి? కేసు వేస్తే బ్యాంకు మీద కూడా వేయాలా? సొంత కష్టాలు వద్దు, తెలిసిన విషయం రాయండి.

మొండిఘటం
నా ఓటు ఆపేయడానికే. షోరూంలో టేబుల్ వేసుకుని లోన్ ఇప్పించేది బ్యాంకు మనిషే. డబ్బు కొనేవాడి చేతికి రాదు, నేరుగా డీలరు ఖాతాకు పోతుంది. ఇద్దరూ కలిసి అమ్మారు కాబట్టి నొప్పి ఇద్దరికీ తెలియాలి. రెండు కిస్తీలు ఆగితే బ్యాంకే డీలరుకు ఫోన్ చేస్తుంది.

వకాల్తా
చేయదండి. మీకు చేస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది ఈ సలహా.

బ్యాంకుతో రాసుకున్నది అప్పు పత్రం. కారు దానికి తాకట్టు, అంతే. బండి బాగోలేకపోతే అప్పు కట్టక్కర్లేదన్న షరతు ఆ పత్రంలో ఉండదు. కిస్తీ ఆపితే ఏమవుతుందో వరసగా చూడండి. మొదటి నెలకే సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్రలో, మచ్చ. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద అది నేరం కూడా, చెక్ బౌన్స్ లాగే. ఆ తర్వాత సీజింగ్ వాళ్లు. రౌడీలను పంపి బండి లాక్కోకూడదని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగానే చెప్పింది. కానీ పద్ధతి ప్రకారం తీసుకెళ్లే హక్కు బ్యాంకుకు ఉంది. తీసుకెళ్లి వేలం వేస్తే మీ కేసులో అసలు సాక్ష్యం, అంటే ఆ కారే, పోతుంది.

ఇక లెక్క. 10 లక్షలు, 9.5 శాతం, 5 ఏళ్లు అనుకోండి. కిస్తీ 21,002. మొదటి ఏడాది కట్టేది 2,52,024. అందులో సుమారు 88 వేలు వడ్డీ. బండి షెడ్డులో పడున్న కాలానికి ఆ వడ్డీని నష్టం కింద కంపెనీ నుంచి అడగొచ్చు. కిస్తీ ఎగ్గొట్టి నెత్తిన పడేసుకున్న పెనాల్టీని ఎవరినీ అడగలేరు.

యార్క్‌షైర్ తెలుగు
ఇక్కడి మనవాళ్లు కూడా ఈ చర్చ చూస్తుంటారు కాబట్టి ఒక తేడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో హైర్ పర్చేజ్ మీద గానీ పీసీపీ మీద గానీ, అంటే కిస్తీలు తీరేదాకా బండి ఫైనాన్స్ కంపెనీదే అయ్యే పద్ధతుల్లో, కారు తీసుకుంటే చట్టం దృష్టిలో అమ్మింది షోరూం కాదు, ఫైనాన్స్ కంపెనీయే. 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం లోపం తేలితే 30 రోజుల లోపు బండి వెనక్కిచ్చేయొచ్చు. ఆ గడువు దాటాక, ఆరు నెలల లోపు బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నట్టే లెక్క, కాదని చూపించుకోవాల్సింది వాళ్లు. బాగుచేయడానికి ఒక్క అవకాశం ఇవ్వాలి. అదీ ఫలించకపోతే తిరస్కరించొచ్చు, కాకపోతే వాడుకున్నంత మేరకు డబ్బు తగ్గించి ఇస్తారు. ఫిర్యాదు రాయాల్సింది ఫైనాన్స్ కంపెనీకి. 8 వారాల్లో తేల్చకపోతే ఇలాంటి తగవులు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఇన్ని హక్కులున్నా ఇక్కడ కూడా కిస్తీ ఆపితే క్రెడిట్ ఫైలు పాడవుతుంది.

మొండిఘటం
చూశారా, అక్కడ ఫైనాన్స్ వాళ్లదే పూచీ. మనకెందుకు ఉండదు? ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంటుంది కదా.

వకాల్తా
ఆర్సీ మీద ఉండేది హైపోథికేషన్ ముద్ర, అంటే బండి అప్పుకు తాకట్టులో ఉందన్న గుర్తు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2, క్లాజు 30 ప్రకారం హైపోథికేషన్ ఉన్నా బండి స్వాధీనంలో ఉన్న మీరే ఓనరు. అప్పు తీరాక ఫారం 35 ఇస్తే ఆ ముద్ర పోతుంది. 2019 వినియోగదారుల చట్టం వాయిదాల మీద కొన్నవాడినీ వినియోగదారుడే అంటుంది. కాబట్టి లోన్ ఉన్నందువల్ల మీ హక్కు ఏమీ తగ్గదు. అలాగని లోపానికి బ్యాంకును బాధ్యుణ్ణి చేసే సెక్షన్ కూడా అందులో లేదు.

బ్యాంకు మీద కేసు వేయాలా అంటే, పార్టీగా చేర్చండి, నిందితుడిగా కాదు. రేపు ధర వెనక్కివ్వమని ఆర్డరు వస్తే ముందు లోన్ బాకీ తీరాలి, ఇక బాకీ లేదన్న ఎన్‌ఓసీ కాగితం రావాలి, అప్పుడే కారు కంపెనీకి పోతుంది. బ్యాంకు పార్టీగా లేకపోతే ఆ ముడి దగ్గర మళ్లీ ఏడాది పడుతుంది. కిస్తీ భారం నిజంగా మోయలేకపోతే మీ అంతట మీరు ఆపకుండా, వినియోగదారుల చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. సులువుగా ఇస్తారని నేను చెప్పను, కానీ అడిగిన కాగితం ఫైల్లో ఉంటుంది.

డిప్‌స్టిక్
లాయర్ గారి మాట సరే గానీ, ఈ కేసులు ఓడిపోయేది బ్యాంకు దగ్గర కాదు, జాబ్ కార్డు దగ్గర, అంటే బండి సర్వీసుకిచ్చినప్పుడు షోరూం వాళ్లు ఫిర్యాదు రాసుకునే కాగితం దగ్గర.

డీజిల్ బండి అన్నారు కాబట్టి డీపీఎఫ్ సంగతే తీసుకుందాం. బీఎస్6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ అది. నిండినప్పుడు బండి అదనంగా డీజిల్ చిమ్మి, సుమారు 600 డిగ్రీల వేడితో ఆ మసిని కాల్చేస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో పది నిమిషాలకోసారి ఇంజిన్ ఆపేస్తుంటే ఆ కాల్చడం సగంలో ఆగిపోతుంది. కాలని డీజిల్ పిస్టన్ రింగుల సందుల్లోంచి సంప్‌లోకి, అంటే ఇంజిన్ ఆయిల్ తొట్టిలోకి, దిగుతుంది. ఆయిల్ కొలిచే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి: ఆయిల్ పై గీత దాటి ఉంటుంది, వేలికి పల్చగా తగులుతుంది, డీజిల్ వాసన కొడుతుంది. షోరూం వాళ్లు "మీ డ్రైవింగే" అనేది ఇక్కడే. ఒక్కోసారి అది నిజం కూడా.

మరి లోపమని ఎప్పుడనొచ్చు? హైవే మీద ఆగకుండా ముప్పావు గంట నడిపి, కాల్చడం పూర్తయ్యాక కూడా రెండు మూడు రోజుల్లో డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు మళ్లీ వెలిగితే. అప్పుడు ప్రెషర్ సెన్సరో, లీకయ్యే ఇంజెక్టరో, ఆయిల్ వదిలే టర్బోనో అనుమానించాలి. స్కానర్ పెట్టగానే పీ2463 (డీపీఎఫ్‌లో మసి పేరుకుందని) లాంటి లోపం కోడ్ వస్తుంది. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంటుంది, అంటే లైటు వెలిగిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి, లోడు ఎంతో. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది. చెరిపే ముందు ప్రింటు అడగండి, ఇవ్వకపోతే స్క్రీన్ ఫొటో తీయండి.

బెంజ్ సర్కిల్
డిప్‌స్టిక్ అన్నా, కేసు వినే వినియోగదారుల కమిషన్‌కు ఈ ఫొటోలు సరిపోవు. సెక్షన్ 38 కింద నిపుణుడి పరీక్ష కోరాలి, ఫీజు ముందు మనమే కట్టాలి. ప్రైవేటు మెకానిక్ లెటర్ హెడ్ మీద రాసిచ్చిన కాగితాన్ని అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో చింపేస్తాడు. "మీకు ఈ మోడల్ మీద శిక్షణ ఉందా?" అంతే.

మొండిఘటం
అన్నీ చేసినా కొత్త బండి ఇస్తారన్న నమ్మకం ఏది? హైదరాబాద్ బీఎండబ్ల్యూ కేసు చూడండి. 2009లో కొన్న కారు. 2012లో హైకోర్టు కొత్త బండి ఇమ్మంది. చివరికి 2024 జులైలో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది.

వకాల్తా
అది క్రిమినల్ కేసు దారిలో వెళ్లింది, కమిషన్ దారిలో కాదు. కమిషన్‌లో మీకు అడ్డంగా పెట్టేది 2006 నాటి మారుతీ, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా తీర్పు. లోపమున్న భాగం మారిస్తే చాలు, బండి మొత్తం మార్చమనడం కుదరదంది కోర్టు. అందుకే కొత్త బండి ఒక్కటే అడక్కండి. మొదట ధర వాపసు, అది కుదరకపోతే బండి మార్పిడి, అదీ కాకపోతే ఫలానా భాగాల మార్పిడితో పాటు పొడిగించిన వారంటీ, వాటితో పాటు వడ్డీ, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. లైఫ్ ట్యాక్స్ ప్రభుత్వానికి పోయింది కదా మేమెందుకివ్వాలి అంటారు. అయినా అడగండి.

కేసు మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉన్నా సరే. ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు 400. గడువు రెండేళ్లు. "పై వాళ్లకు పంపించాం" అనే మెయిళ్లు నమ్ముకుని దాన్ని కరిగించుకోకండి. డీలరునూ తయారీదారునూ ఇద్దరినీ పార్టీ చేయండి, ఒకరినే చేస్తే తప్పు రెండోవాడిదంటారు.

మొండిఘటం
సరే, కిస్తీ ఆపడం దగ్గర తగ్గుతాను. కానీ బండి తెచ్చుకోను, షెడ్డులోనే వదిలేస్తా. నడిపితే "40 వేల కిలోమీటర్లు తిరిగాక లోపమేమిటి" అంటారు కదా.

బెంజ్ సర్కిల్
వదిలేస్తే పార్కింగ్ చార్జీ వేస్తారు, బ్యాటరీ చస్తుంది, ఎలుకలు వైరింగ్ కొరికితే అదీ మీ ఖాతాలోనే. నడపండి.

డిప్‌స్టిక్
నాకైతే ఇందులో మొండిఘటం గారి మాటే సగం సబబు. బ్రేకు, స్టీరింగ్ లోపమైతే నడపొద్దు, అక్కడే ఉంచి మెయిల్ పెట్టండి. డీపీఎఫ్ లాంటిదైతే తెచ్చుకోండి. తెచ్చుకునేటప్పుడు డెలివరీ కాగితం మీద "పూర్తి సంతృప్తి" అన్న గడి ఒకటి ఉంటుంది. దాని పక్కన "లోపం ఇంకా ఉంది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, కిలోమీటర్లు వేసి, అప్పుడు సంతకం పెట్టండి. ఫిర్యాదు గడిలో కూడా "సౌండ్ వస్తోంది" అని అడ్వైజర్‌ను రాయనివ్వకండి. "ఇంజిన్ వేడెక్కాక, 3వ గేరులో, 40-50 వేగంలో కుదుపు" అని రాయించండి. ఆఖరికి వాళ్లు "చూశాం, బాగానే ఉంది" అని కొట్టేసినా సరే, నాలుగు జాబ్ కార్డుల్లో అదే వాక్యం నాలుగుసార్లు ఉండాలి.