జూన్ 6 సన్మానం: ఎవరెవరు ఏ పని చూస్తారు?

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. అమెరికాలో మన మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ చుట్టుపక్కల పోర్చుగీసు మాట్లాడే మన ఇరుగుపొరుగులో సేవ చేస్తున్న ఆరుగురిని మన తెలుగువాళ్ల తరఫున సన్మానించే కార్యక్రమం 2026 జూన్ 6, శనివారం ఖాయమైంది. జూన్ 10 పోర్చుగల్ దినం, 1580లో కవి కమోయిన్స్ కన్నుమూసిన రోజు. ఆ తర్వాతి శనివారమే పెడదామనుకున్నాం. కానీ 11న ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలవుతోంది. బ్రెజిల్ ఆడుతుంది, ఆఫ్రికా పక్కనున్న చిన్న దీవుల దేశం కేప్ వర్డ్ అయితే మొట్టమొదటిసారి ఆడుతోంది. అలాంటప్పుడు వాళ్లను ఇళ్ల నుంచి కదిలించడం న్యాయం కాదు.

ఆహ్వానంలో దయచేసి ‘పోర్చుగీసు వాళ్లు’ అని రాయకండి, ‘పోర్చుగీసు మాట్లాడేవాళ్లు’ అనండి. ఫ్రేమింగ్‌హామ్‌లో ఎక్కువమంది బ్రెజిల్ వాళ్లు. మన రాష్ట్రంలోనే ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ ఊళ్ల వైపు పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల వాళ్లు ఎక్కువ. 1957లో అజోర్స్‌లోని ఫయాల్ దీవి దగ్గర అగ్నిపర్వతం బద్దలై ఇళ్లు బూడిదలో కూరుకుపోతే, మరుసటి ఏడాది అమెరికా ప్రత్యేక చట్టం చేసి వాళ్లకు వీసాలిచ్చింది. ఆ బిల్లు కోసం పనిచేసినవాళ్లలో అప్పటి సెనేటర్ జాన్ కెనడీ ఒకరు. కేప్ వర్డ్ వాళ్లు 1975 దాకా పోర్చుగల్ పాలనలో ఉన్నారు, ఇంట్లో మాట్లాడేది పోర్చుగీసు, ఆఫ్రికా భాషలు కలిసి పుట్టిన క్రియోలు భాష. మనల్ని ‘హిందీ వాళ్లు’ అంటే మనకెలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి.

కొత్త వాలంటీర్:
అక్కా, వాళ్ల సంస్థలు వాళ్లకున్నాయి కదా, మనం ఎందుకు చేస్తున్నాం?

కోఆర్డినేటర్:
మంచి ప్రశ్న అమ్మా. మసాచుసెట్స్ అలయన్స్ ఆఫ్ పోర్చుగీస్ స్పీకర్స్ ఏటా సేవ చేసినవాళ్లకు అవార్డులిస్తుంది. మనం చేసేది పొరుగువాళ్లుగా. మన ఉగాదికి అజోర్స్ వాళ్ల క్లబ్ హాలు తీసుకున్నాం. మధ్యాహ్నానికి హీటర్ ఆగిపోయింది, బయట మంచు. హాలు చూసుకునే పెద్దాయన డెబ్బై దాటిన మనిషి, పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చేశారు. రెండు గంటలు కింద సెల్లార్‌లోనే ఉన్నారు. పైకి వచ్చాక పులిహోర ప్లేటు ఇస్తే వంటింటి గుమ్మం దగ్గర నిలబడే తిన్నారు. గోళ్ల కింద నల్లటి గ్రీజు అలాగే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, పిల్లలకు వేయమన్నారు.

మరొకరు, శనివారాలు లైబ్రరీలో ఉచితంగా ఇంగ్లీషు నేర్పే బ్రెజిల్ ఆవిడ. మా అత్తయ్యగారు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఇప్పుడు ఫార్మసీకి ఒక్కరే వెళ్లి మందులు తెచ్చుకుంటున్నారు. ఇలాంటివాళ్లకు ఎవరో ఒకరు నలుగురిలో థాంక్స్ చెప్పాలి.

స్టేజ్ టీమ్:
కిందటేడాది మన సన్మానం ఉపన్యాసాలతో రాత్రి పదకొండైంది, సన్మానితులే ఆకలితో కూర్చున్నారు. ఈసారి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. వాళ్లేం చేశారో ఆ మేలు పొందినవాళ్లే చెప్పాలి, స్పాన్సర్లు కాదు. శాలువా ఎందుకు కప్పుతామో ముందే చెప్పి ఉంచుదాం. పేర్ల విషయంలో టెన్షన్ వద్దు, ఎవరి పేరు వాళ్లతోనే ఫోన్‌లో రికార్డ్ చేయించి పంపండి. పోర్చుగీసులో ముక్కుతో పలికే శబ్దాలు చాలా ఉన్నాయి, కాగితం చూసి చదివితే తప్పు పోతుంది.

వంటల టీమ్:
అజోర్స్ వాళ్ల పవిత్రాత్మ పండుగలో వచ్చినవాళ్లందరికీ ఉచితంగా ‘సోపాష్’ పెడతారు, రొట్టె మీద మాంసం, పులుసు పోసి. అచ్చం మన అన్నసమారాధనే. అందుకని మనమూ టికెట్ పెట్టొద్దు. బొబ్బట్లు, పులిహోర మనవి. కేప్ వర్డ్ వాళ్ల ‘కషూపా’ మొక్కజొన్న, చిక్కుడు గింజల వంటకం, మాంసం లేకుండా చేసిస్తామన్నారు. అజోర్స్ వాళ్లు నూనెలో వేయించే తీపి వంటకం ‘మలసాదలు’ తెస్తారు. వాటిలో గుడ్డు ఉంటుంది, చీటీ పెట్టడం మర్చిపోకండి.

పిల్లల టీమ్:
మేం మాటల బోర్డు చేస్తున్నాం. మేస్త్రీ, బొత్తాం, అల్మారా, తువ్వాలు, అనాస అన్నీ పోర్చుగీసు నుంచి మనకొచ్చినవే. బ్రెజిల్‌లో మామూలుగా అనాసను ‘అబకషీ’ అంటారట, రెండూ రాస్తాం.

కోఆర్డినేటర్:
చాలా బాగుంది. ఒక్కటే చిక్కు. పెద్దాయనకు ఫోన్ చేస్తే, ‘ఆ రోజు హాలు తెరవాలి, వంటింటి పని చూడాలి, స్టేజ్ మీదికి ఎలా వస్తాను’ అన్నారు.

వంటల టీమ్:
తాళాలు శుక్రవారం నేను తీసుకుంటాను అక్కా. వంటింట్లో ఏది ఎక్కడుందో ముందురోజే చూపించమనండి. శనివారం వాళ్లావిడను కూడా తీసుకుని రమ్మని చెప్పండి, మొదటి వరసలో రెండు కుర్చీలు ఉంచుతాం.