సమస్య: ఆశ చచ్చెనేని హాయి గలుగు

నిర్వాహకురాలు:
ఈసారి సమస్యగా ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. అయిదూ సూర్యగణాలనే చిన్న అక్షర గుంపులే, యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొంతన) ఆ–హా. ఆశ చస్తే మిగిలేది నిరాశే కదా, హాయి ఎక్కడిది అన్నదే ఇందులో చిక్కు. ఆశను పేరాశగా మార్చి తప్పించుకోకుండా, రేపటి మీద పెట్టుకునే ఉత్తుత్తి ఆశనీ చావునీ ఎదురెదురుగా నిలబెట్టి పూరించండి.

మొదటి పూరణ:

రేపు మాపటంచు రెపరెపలాడెడి
దీపమునకు నూనె తీరిపోయె
బ్రతుకు నిచట నిపుడె పలుకరించుకొనిన
ఆశ చచ్చెనేని హాయి గలుగు

విమర్శ:
మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయండీ. "రెపరెప" అటు దీపానికీ సరిపోయింది, ఇటు రేపు రేపంటూ వాయిదా పడే బతుక్కీ సరిపోయింది. మూడో పాదంతోనే ఇబ్బంది. "పలుకరించుకొనిన" ఒక షరతు, "చచ్చెనేని" ఇంకో షరతు, ఏది జరిగితే హాయో తేలట్లేదు. పైగా వాక్యం ముగియకుండానే అచ్చుతో మొదలయ్యే "ఆశ" వచ్చింది కాబట్టి విసంధి దోషం (సంధి జరగాల్సిన చోట కలపకుండా వదిలేయడం), పోనీ సంధి చేద్దామంటే సమస్య మొదటి అక్షరమే మారిపోతుంది. "పలుకరింపవలయు" అని ఆపేయండి, పాదం చివరి రెండు గణాలు, నగం, నలం, అలాగే నిలుస్తాయి, వాక్యమూ పూర్తవుతుంది.

జవాబు:
నిజమే, సవరించుకున్నాను. ధన్యవాదాలు.

రెండో పూరణ:

మంచమందు తల్లి మనుమని కొరకని
కుట్టుచుండె నంగి కునికి కునికి
ఆమెఁ జూచి మీర లనగలరె యిటుల
ఆశ చచ్చెనేని హాయి గలుగు

ఇంకో సభ్యుడు:
మూడో పాదంలో యతి తప్పింది కదా? ఆ ఎక్కడ, ల ఎక్కడ?

నిర్వాహకురాలు:
తప్పలేదు. మీరలు + అనగలరె. సంధిలో కలిసిపోయిన అకారంతో మొదటి ఆకారానికి యతి చెల్లుతుంది, స్వరయతి.

"కునికి కునికి" దగ్గర నేను ఆగిపోయాను. మందుల మత్తులో తల వాలడం, సూది జారడం, మళ్ళీ వెతికి పట్టుకోవడం, అంతా ఆ రెండు మాటల్లోనే కనబడింది. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ తల్లికి తాను బతుకుతానన్న ఆశ ఉన్నట్టు పద్యంలో ఎక్కడుంది? ఆ అంగీ తొడిగేనాటికి తాను ఉండనని తెలిసే కుడుతోందని నాకనిపిస్తోంది. అలాగైతే మీరు సమస్యను కాదన్నట్టా, ఒప్పుకున్నట్టా? రేపు ఉంటుందని నమ్మడం వేరు, ఆ రేపట్లో నేనుంటానని నమ్మడం వేరు. మీ మూడో పాదం ఈ రెండింటినీ కలిపేసి పోట్లాడుతోంది.

రెండో పూరణ రాసినావిడ:
ఇది మా అమ్మ గురించేనండి. కొన్ని నెలల్లో లేచి తిరుగుతారని ఆసుపత్రిలో చెప్పినన్నాళ్ళూ అమ్మ సూది ముట్టలేదు, లేచాక కుడతాలే అనేది. ఇక లాభం లేదని తెలిసిన మర్నాడు గుడ్డ తెమ్మంది. కుడి చెయ్యి పూర్తయింది, ఎడమ చేతికి టాకాలు మాత్రమే వేసింది, ఆ దారం ఇప్పటికీ అలాగే వేలాడుతోంది. రాసేటప్పుడు కోపంగా రాశాను, ఆశ చావడమేంటి, హాయేంటి అని. మీరన్నాక చూస్తే ఆ కుట్టినన్ని రోజులూ అమ్మ నిజంగానే నెమ్మదిగా ఉంది. మూడో పాదం ఇలా మారుస్తున్నాను, "లెక్క వీడె" అతకలేదనిపిస్తే చెప్పండి:

లేచి తిరుగుదునను లెక్క వీడె నపుడె
ఆశ చచ్చెనేని హాయి గలుగు